ఏడో లైనులో ఐదు సున్నాలు

"కరెంటు వదులుతున్నా. అందరూ దూరం!"

మ్యాపుల మేడమ్ వాకీటాకీలో ఆ మాట అని, ముగ్గురు మనుషుల నుంచి మూడుసార్లు "దూరం!" అన్న జవాబు విన్నాకే మీట నొక్కింది. పదహారేళ్ల ఉద్యోగంలో ఆ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. కిలోమీటరు పొడవున నేల మీద పరిచిన తీగలో ఎనిమిది వందల వోల్టులు పరుగెడతాయి. ఎవరైనా ఏమరుపాటున ఇనుప మేకు మీద చెయ్యి వేస్తే, ఇక వాళ్లింటికి కబురు పంపడమే మిగులుతుంది.

రెండు సెకన్లు కరెంటు భూమిలోకి వెళ్లింది. ఆగింది. ఆమె చూపు తెర మీద నిలిచింది.

చెప్పుకుంటే చిన్న పనే. భూమిలోకి కరెంటు పంపాలి, టక్కున ఆపాలి, ఆపాక ఏం జరుగుతుందో చూడాలి. ఉత్త రాయి అయితే తనలో ఉన్న కాస్త కరెంటునూ చప్పున వదిలేస్తుంది. గంధకంతో కలిసిన రాగి ఖనిజం అలా కాదు. ఆపేశాక కూడా కాస్సేపు పట్టుకుని, అయిష్టంగా, సణుక్కుంటూ వదులుతుంది. ఆ సణుగుడే తెర మీద వాలుగా దిగే గీత. ఈ కొండల్లో రాగి ఎక్కడుంటే బంగారం అక్కడుంటుంది. రాగిని పట్టుకుంటే బంగారం కొంగు దొరికినట్టే.

ఇవాళ వెతకడానికి రాలేదు. కొత్త మిషను వచ్చింది, దాన్ని పరీక్షించాలి. జవాబు తెలిసిన ప్రశ్న అడిగితేనే కదా ఎదుటివాడి తెలివి బయటపడేది! అందుకని తన మ్యాపులన్నింట్లోకీ గొప్పదాన్ని ఇచ్చిన ఏడో లైనునే ఎంచుకుంది. ఆ లైను కింద, అరవై మీటర్ల లోతున, రాగీ బంగారమూ కలిసిన పెద్ద ముద్ద ఉందని ఏడాదిన్నర కిందట తేల్చింది ఆమే. దానికి అటు అంచున ఒకటి, ఇటు అంచున ఒకటి బోర్లు వేస్తే రెండింట్లోనూ ఖనిజం తగిలింది. అప్పట్నుంచి కంపెనీలో ఆమె మాటకు తిరుగు లేదు. ఇప్పుడు ఆ ముద్ద నడిబొడ్డుకు వాలుగా సొరంగం తవ్వుతున్నారు. ఆ సొరంగంలో పగటి షిఫ్టు మేస్త్రీ ఆమె సొంత తమ్ముడు.

మొదటి పది చోట్లా కొత్త మిషను పాత జవాబుల్ని చిలకలా ఒప్పజెప్పింది. పదకొండో చోట గీత గోడ మీంచి దూకినట్టు నిలువునా పడిపోయింది.

సున్నా.

"బాబాయ్, పదకొండులో కుండ ఎండిపోయినట్టుంది. మైలుతుత్తం నీళ్లు పొయ్యి," అంది వాకీటాకీలో.

తీగల బాబాయ్ ఆమెకు చుట్టం కాదు. ముప్పై ఏళ్లుగా సర్వేల్లో తీగలు పరిచీ, చుట్టీ కుడి భుజం ఒక పక్కకు వాలిపోయిన మనిషి. భూమిలోని కరెంటును అందుకునే ఆ మట్టికుండల్ని పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటాడు.

"పోశానమ్మా. పొయ్యకముందే తడిగా ఉంది."

"అయితే తీగ మార్చు."

మార్చాడు. సున్నా. పన్నెండులో సున్నా. పదమూడులోనూ సున్నా.

"బాగుంది సంబడం! పురిట్లోనే సంధి కొట్టింది దీనికి," అని ఆమె మిషను పక్కన ఒక్క చరుపు చరిచింది. "మూట కట్టి వెనక్కి పంపించేద్దాం."

బాబాయ్ తీగ వెంబడే నడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. తెర వైపు తొంగి చూసి, "దాన్నెందుకమ్మా తిడతావు? పాత మిషను కూడా ఇక్కడ ఇదే చెప్పింది కదా," అన్నాడు.

"ఏం చెప్పింది?"

"సున్నా. పదకొండు నుంచి పదిహేను దాకా. మూడు కుండలు మార్చాను. రెండు తీగలు మార్చాను. వాగులోంచి తడి మట్టి మోసుకొచ్చి పోశాను. అయినా సున్నాయే. అంతా పుస్తకంలో రాసిచ్చాను. నువ్వు చూళ్లేదా?"

చూసింది. చూసిన సంగతి ఇప్పుడు కళ్లకు కట్టినట్టు గుర్తొచ్చింది. ఆ వారమంతా ఒకటే వాన. మ్యాపు ఇవ్వడానికి మూడు రోజులే గడువు. బాబాయ్ పెన్సిలు రాతలో వరసగా ఐదు సున్నాలు. వాళ్ల వృత్తిలో సున్నాను అంకెగా చూడరు. ఏ రాయైనా ఎంతో కొంత కరెంటు పట్టుకుంటుంది. కచ్చితమైన సున్నా వచ్చిందంటే తీగ తెగింది, కుండ పగిలింది, ఇంకేదో పాడైంది అని అర్థం. కొలత రాలేదని కొట్టేస్తారు. అలాంటి ఖాళీ ఒకటో రెండో ఉంటే పక్క అంకెలు చూసి పూడ్చుకోవచ్చు, అందరూ చేసేదే. రెండు దాటితే మళ్లీ వెళ్లి కొలవాలి.

ఆమె ఐదూ పూడ్చింది. అటు పక్క పెద్ద అంకె, ఇటు పక్క పెద్ద అంకె. మధ్యలో తగ్గడానికేముందిలే అనుకుంది. అతుకు కనపడకుండా రఫూ చేసిన బట్టలా మ్యాపు అందంగా కుదిరింది, నిండుగా, ఎర్రగా.

ఇప్పుడు తెర మీద రెండో అంకె చూసింది. నేల కరెంటును ఎంత తేలిగ్గా పోనిస్తోందో చెప్పే అంకె అది. మిషను చెడితే అదీ చెడాలి. కానీ అది రాయిలా నిలకడగా ఉంది. కరెంటు ఏ అడ్డూ లేకుండా ఏరులా పోతోంది. అడ్డు చెప్పకుండా పోనిచ్చి, ఆపగానే రవ్వంతైనా దాచుకోకుండా వదిలేసేది ఇంత లోతున ఒక్కటే.

నీళ్లు.

కొండకు అవతలి వైపు పూడిపోయిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. వందేళ్ల కిందట ఎవరో బంగారం కోసం తవ్వి, కొన్నాళ్లకు వదిలేసి పోయారు. ఎంత లోతుకు దిగారో, ఏ వైపు మళ్లారో చెప్పే కాగితం ముక్క ఎవరి దగ్గరా లేదు. ఇంత దూరం ఇటు వచ్చి ఉండరని కంపెనీలో అందరూ అనుకున్నారు. వచ్చారు. మంచి ఖనిజాన్ని మధ్యలోంచి తవ్వుకుపోయి, అంచులు మాత్రం మిగిల్చారు. ఆ బొరియలో వందేళ్ల వానలు ఇంకి, నిండి, కూర్చున్నాయి.

ఐదు చోట్లు. చోటుకూ చోటుకూ మధ్య ఇరవై మీటర్లు.

గడియారం చూసుకుంది. పన్నెండూ ఇరవై ఐదు. సొరంగంలో రోజూ మధ్యాహ్నం రెండింటికి మందు పేల్చి, రాతిగోడను రెండున్నర మీటర్లు వెనక్కి నెడతారు. నిన్న సాయంత్రం ప్లాను ప్రకారం సొరంగం కొసకూ పదకొండో చోటుకూ మధ్య పన్నెండు మీటర్ల దూరం ఉంది. కానీ ఈ సర్వేలో పది మీటర్లు అటూ ఇటూ కావడం మామూలు సంగతి.

"బాబాయ్, అన్నీ వదిలేసి బండెక్కు."

"తీగలు పరిచినవి పరిచినట్టే వదిలేసా? ముప్పై ఏళ్లలో ఎన్నడూ..."

"ఎక్కు!"

ఆ కొండల్లో సెల్‌ఫోను పలకదు. వాకీటాకీ రెండు కిలోమీటర్లు దాటితే మూగ. గని ఆఫీసు తొమ్మిది కిలోమీటర్లు, అదీ రాళ్ల దారి. దారి పొడుగునా ఆమె ఒకటే మాట నోట్లో తిప్పుకుంది. 'సార్, నేను తప్పు చేశాను. పేల్చడం ఆపండి.' ఇంతే. ఐదారు ముక్కలు. పసివాడైనా చెప్పగలడు.

మేనేజరు గది తలుపు తోసేసరికి గోడ గడియారం పన్నెండూ యాభై చూపిస్తోంది. మేనేజరు ఒక్కడే లేడు. ఎదుటి కుర్చీలో హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. వాళ్లిద్దరి వెనక గోడకు, అద్దం బిగించిన ఫ్రేములో ఆమె మ్యాపు వేలాడుతోంది. అడుగున కుడి మూల ఆమె సంతకం.

"రండి రండి, నూరేళ్లు మీకు! ఇప్పుడే అనుకుంటున్నాం," అన్నాడు మేనేజరు. "సార్, ఈవిడే. ఆ ఎర్ర ముద్దకు కన్నతల్లి."

పెద్దమనిషి లేచి మరీ నమస్కారం పెట్టాడు. "మీ మ్యాపు మా ఆఫీసు గోడ మీద కూడా ఉందండీ. కొత్తగా చేరే పిల్లలకు అదే చూపిస్తాం. సర్వే అంటే ఇలా ఉండాలర్రా అని."

ఆమె నోరు తెరిచింది. దారంతా తిప్పుకున్న మాట నాలుక మీదే ఉంది. కానీ బయటికి వచ్చింది వేరే మాట.

"సార్, ఏడో లైనులో కొత్త మిషను కాస్త అనుమానం చూపిస్తోంది. ఓసారి సరిచూసుకుని ముందుకెళ్తే మంచిదేమో."

విడివిడిగా చూస్తే ఒక్క ముక్కా అబద్ధం కాదు. కలిపి చూస్తే అంతకన్నా పచ్చి అబద్ధం లేదు.

మేనేజరు ముఖంలో నవ్వు తగ్గింది. చెడ్డవాడు కాదు, పనివాడు. సూటిగా అడిగాడు.

"ఎంత అనుమానం మేడమ్? ఇవాళ పేల్చే రౌండు ఆపేంతా?"

అదిగో, తలుపు తెరిచే ఉంది. లోపలికి అడుగు వెయ్యడమే తరువాయి. పెద్దమనిషి ఆమె వైపు ఆసక్తిగా చూస్తున్నాడు.

"అంత అని కాదు సార్... రేపటిలోగా..."

"మరింకేం! ఏడాదిన్నర కిందటి మీ మ్యాపును నమ్మాలా, మొన్న డబ్బా విప్పిన మిషన్ను నమ్మాలా? మీ సంతకానికి మీరే ఎదురు చెప్తే ఎలా? ఈ రౌండు కానివ్వండి. రేపు పొద్దున ముందుకి పొడుగాటి రంధ్రం ఒకటి వేసి, ఏముందో చూసుకుందాం. సరేనా?"

"సరే సార్."

ఆమె మెట్లు దిగింది. రెండింటిదాకా టైముంది, బాబాయ్‌కి చెప్పి, కాసిని నీళ్లు తాగి, ఏదో ఒక దారి ఆలోచిస్తానని తనకు తాను సర్ది చెప్పుకుంది. బండిలో కూర్చుంది. నీళ్లు తాగింది. ఏ దారీ తోచలేదు. ఒంటిగంట దాటింది. ఇంకో పది నిమిషాలూ గడిచాయి.

ముందు సీట్లో ఉన్న బాబాయ్ తిరిగి చూడకుండానే అడిగాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఆపారా మరి?"

ఆమె నీళ్ల సీసా మూత బిగించింది.

"ఏమని చెప్పావమ్మా?"

"అనుమానంగా ఉందని."

"అనుమానమా!" బాబాయ్ గట్టిగా నిట్టూర్చాడు. "ఇల్లు తగలబడుతుంటే ఏదో మాడు వాసన వస్తోందన్నట్టుంది." తలుపు వైపు జరిగాడు. "పోనీ నేను వెళ్లి చెప్పనా? తీగ తెగిపోతే నేనే దాచేశాను, ఆవిడకేం తెలీదు అంటాను. నాకింక సర్వీసు ఎనిమిది నెలలేగా. ముసలాడు ఏదో చేశాడనుకుంటారు. మీ తమ్ముడు పైకొస్తే అదే చాలు."

ఆ ముసలి మనిషి నిజంగానే తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. ఆమె చెంప ఛెళ్లుమన్నట్టయింది. అతనికన్నా ముందు దిగి పరుగెత్తింది.

ఈసారి గదిలో పెద్దమనిషి ఉన్నాడా లేడా అని చూడలేదు. బల్ల మీద ఉన్న కాగితం లాక్కుని నిలబడే రాసింది. 'ఏడో లైనులో పదకొండు నుంచి పదిహేను వరకు అంకెలు కొలిచినవి కావు. నేను ఊహించి పెట్టినవి. అక్కడ ఉన్నది ఖనిజం కాదు, నీళ్లు నిండిన పాత గని.' కింద సంతకం పెట్టింది. మ్యాపు మీద ఉన్న సంతకమే.

మేనేజరు చదివాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కటే అడిగాడు.

"ఇందాక వచ్చినప్పుడు ఇది మీకు తెలుసా?"

"తెలుసు."

అతను మారుమాట్లాడకుండా గని ఫోను ఎత్తాడు. సొరంగం కొసనున్న ఫోను మోగింది. ఎవరో తీశారు. "మేస్త్రీని పిలువు, పరుగెత్తు," అని మేనేజరు రిసీవరు ఆమె చేతిలో పెట్టేశాడు. "మీరే చెప్పండి. మీ మాటైతే వెంటనే వింటాడు." గోడ గడియారంలో ఒంటిగంటా ఇరవై రెండు.

"హలో! అక్కా?" తమ్ముడి గొంతు ఎప్పటిలాగే హుషారుగా ఉంది. "మేనేజరుగారి ఫోనులోంచి నువ్వేంటి? కుర్చీ లాగేసుకున్నావా ఏంటి?"

"ఒరేయ్, నోరు మూసుకుని విను. మీ ముందు నీళ్లున్నాయి. పాత గని. నిండా నీళ్లు."

"నీ మ్యాపులో అక్కడ..."

"నా మ్యాపు తప్పు రా. ఆ ఐదు అంకెలూ నేను కల్పించాను. కొలిచినవి కావు."

ఈసారి తమ్ముడి గొంతులో హుషారు లేదు.

"అదా సంగతి. కింది వరసలో ఒక రంధ్రం పొద్దుట్నుంచీ కారుతోంది. గనిలో చెమ్మ మామూలేగా అనుకున్నాం. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందని మందు మేస్త్రీ అంటే, రాత్రి నువ్వేం తిన్నావో ముందు చెప్పమని ఏడిపించాను పాపం."

"ఎంతమంది ఉన్నారు?"

"ఎనిమిది మందిమి. పదిహేడు రంధ్రాల్లో మందు కూరాం, ఇంకా సగం ఉన్నాయి."

"ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఒంటిగంటా పదికి. సొరంగం పైభాగంలో ఉన్న భోజనాల గదిలో అన్నాలు తిని దిగగానే. ఎందుకు?"

"అన్నీ వదిలేసి పైకి రండి. పరుగెత్తండి."

"ఆరుగుర్ని ఇప్పుడే తరిమేస్తున్నా. నేనూ మందు మేస్త్రీ డిటొనేటర్లు లాగేసి వస్తాం. పది నిమిషాలు."

"వద్దు రా! వదిలెయ్!"

"నువ్వు భూమి పైన పనిచేస్తావక్కా, నీకు తెలీదు. నీళ్లు గోడను తోసుకొస్తే రాళ్లు గుద్దుకుని ఇందులో ఒక్కటి పేలినా చాలు. పైకి పోతున్నవాళ్లు తుపాకీ గొట్టంలో ఉన్నట్టే. దాక్కోడానికి చోటేదీ?" పక్కకు తిరిగి ఎవరినో కేకేశాడు. "కదలండ్రా, బాక్సులూ గీక్సులూ అక్కడే పడెయ్యండి!" మళ్లీ ఫోనులోకి వచ్చాడు. "వందేళ్లు ఆగినవి పది నిమిషాలు ఆగవా? ఇంట్లో నీ మరదలికి మాత్రం చెప్పకు, ఊరికే గాభరా పడుతుంది. పెట్టేస్తున్నా."

సొరంగం నోటి దగ్గరికి ఆమె చేరేసరికి మేనేజరు ముందే అక్కడున్నాడు. ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి మొదటి ఇద్దరూ బయటపడ్డారు. వెనకే ముగ్గురు. ఆరోవాడు మోకాళ్ల మీద కూలబడి, "వచ్చేస్తున్నారు, వెనకాలే వచ్చేస్తున్నారు," అన్నాడు. నిజానికి అతను వెనక్కి తిరిగి చూడనే లేదని తర్వాత ఒప్పుకున్నాడు.

ముందు గాలి వచ్చింది. లోపలి నుంచి వెచ్చగా, కుళ్లు వాసనతో వీచిన ఆ గాలికి నోటి దగ్గర నిలబడ్డవాళ్ల టోపీలు ఎగిరిపోయాయి. చెవులు దిబ్బడ వేశాయి. ఆ తర్వాత చప్పుడు. పేలుడు చప్పుడు కాదది. ఎక్కడో దూరంగా, తెరపి లేకుండా రాళ్లు దొర్లుతున్న చప్పుడు. అది చాలాసేపు వినిపించింది. ఆగాక ఎవరో టార్చి పట్టుకుని లోపలికి వెళ్లి, నూట యాభై అడుగులు వేసి తిరిగి వచ్చారు. అక్కడి నుంచి కిందికి నల్లటి నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. నీళ్ల మీద అన్నం డబ్బా మూత ఒకటి తేలుతోంది.

నీళ్లు తోడటానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె పంపుల పక్కనే ఉంది. ఇంటికి పొమ్మని ఎవరూ అనలేదు, పలకరించిన వాళ్లూ తక్కువే. తీగల బాబాయ్ మాత్రం పూటకోసారి వచ్చి, తినడానికి ఏదో ఒకటి పక్కన పెట్టి పోయేవాడు. తొమ్మిదో రోజు సాయంత్రం ఇద్దరూ దొరికారు. మందు మేస్త్రీ రాళ్ల కింద. తమ్ముడు భోజనాల గదికి నలభై అడుగుల దిగువన, తల సొరంగం నోటి వైపు పెట్టి. అతని భుజానికి ఉన్న సంచిలో పదిహేడు డిటొనేటర్లూ ఉన్నాయి. పని పూర్తి చేసుకునే బయల్దేరాడన్నమాట.

పన్నెండో రోజు మేనేజరు ఆమెను గదికి పిలిచాడు. గోడ మీద ఫ్రేము లేదు. దాని చోట సున్నం కాస్త తెల్లగా కనిపిస్తోంది.

"రేపు పదింటికి విచారణ," అన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. "ఒంటిగంటా ఇరవైకి మీరు హడావుడిగా వచ్చారు, ఫోను చేశారు, ఆరుగుర్ని కాపాడారు. నా రిపోర్టులో ఇంతే ఉంది. పాత గని సంగతి ఎవరికీ తెలీదు, ఎవరి తప్పూ లేదు." సొరుగులోంచి మడిచిన కాగితం తీసి ఆమె వైపు జరిపాడు. ఆమె రాసిచ్చినదే. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఆ రోజు... అదే, మొదటిసారి మీరొచ్చిన సంగతి ఎవరూ అడగరు. ఆ హెడ్డాఫీసు ఆయనా అడగడు. ఆ రోజు ఆపకుండా 'కానివ్వండి' అన్నది నేనే కదా."

చివరి మాట అన్నప్పుడు అతను బల్ల వైపు చూశాడు.

ఆమె కాగితం తీసుకుని తిన్నగా తమ్ముడి ఇంటికి వెళ్లింది. మరదలు వరండాలో కూర్చుని, గని వాళ్లు పంపిన సంచి సర్దుతోంది. లాకర్లో దొరికిన బట్టలు, బూట్లు, దువ్వెన. ఆమెను చూడగానే లేచి కుర్చీ వేసింది.

"కూర్చో వదినా. తిన్నావా ఏమైనా? ఆ ఆరుగురి ఇళ్లవాళ్లూ పొద్దున వచ్చి వెళ్లారు. మీ వదిన లేకపోతే మా ఇంట్లో దీపం ఆరిపోయేదని ఒకావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకేమనాలో తెలీలేదు."

"నేను అంతకుముందే వెళ్లాను," అంది ఆమె, కుర్చీలో కూర్చోకుండా.

"ఎక్కడికి?"

"మేనేజరు దగ్గరికి. ఆ రోజు. పన్నెండూ యాభైకి. అప్పటికే నాకంతా తెలుసు. వాళ్ల ముందు తప్పు చేశానని చెప్పుకోలేక అనుమానమన్నాను. ఆపేంత అనుమానమా అని అడిగితే కాదన్నాను. దిగొచ్చి బండిలో కూర్చున్నాను."

మరదలి చేతిలో బూటు అలాగే ఉంది.

"పన్నెండూ యాభైకి ఆయనేం చేస్తున్నాడు?"

"అన్నం తింటున్నాడు."

"ఎక్కడ?"

"పైన గదిలో. అందరూ."

"అక్కణ్ణుంచి బయటికి ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు నిమిషాలు. నడిస్తే."

మరదలు ఆ బూటును కింద పెట్టింది. రెండోదాన్ని తెచ్చి దాని పక్కన, ముందు భాగాలు సమంగా ఉండేలా పెట్టింది. అప్పుడు అంది.

"ఇది నాకు ఇప్పుడెందుకు చెప్పావు వదినా?"

"నువ్వు నన్ను పొగుడుతుంటే భరించలేక."

"నీ గుండె బరువు దించుకోడానికి నా ఒళ్లే దొరికిందా? మరి నేనెవరికి చెప్పుకోను?" గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. "పన్నెండు రోజుల్నుంచీ దేవుణ్ణి తిట్టుకుంటున్నాను. కొండని తిట్టుకుంటున్నాను. ఆ డిటొనేటర్లని తిట్టుకుంటున్నాను. ఇప్పుడు ఇంట్లో మనిషిని తిట్టుకోవాలా?"

"తిట్టు."

"తిట్టను. తిడితే నీకు తేలికవుతుంది." మరదలు సంచి మూతి ముడి వేసింది. "రేపు అక్కడేం చెప్తావు?"

ఆమె జేబులోంచి కాగితం తీసి చూపించింది. మరదలు చదివింది. వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

"ఇందులో మొదటిసారి వెళ్లిన సంగతి లేదు."

"లేదు. అది నోటితో చెప్తాను."

"నేను వస్తాను. నీకు తోడుగా కాదు. వినడానికి."

మర్నాడు పదిన్నరకు విచారణ గదిలో ఆమె వంతు వచ్చింది. గదిలో పొడుగాటి బల్ల, ముగ్గురు అధికారులు, ఒక మూల రాసుకునే గుమాస్తా. కిటికీ పక్కన మేనేజరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అతని వెనక తీగల బాబాయ్. అన్నిటికన్నా వెనక వరసలో, గోడకు ఆనుకుని మరదలు.

మధ్యలో కూర్చున్న అధికారి కళ్లజోడు సర్దుకుని, రిపోర్టులోంచి చదువుతున్నట్టే అడిగాడు.

"మీరు ఒంటిగంటా ఇరవై నిమిషాలకు మేనేజరుగారికి ప్రమాదం గురించి తెలియజేశారు. అంతే కదండీ?"

"రెండుసార్లు వెళ్లానండి," అంది ఆమె. "మొదటిసారి చెప్పలేదు."

గుమాస్తా పెన్ను ఆపి తలెత్తాడు. మేనేజరు కళ్లు మూసుకున్నాడు. అధికారి ముందుకు వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"సరిగా వినపడలేదు. ఏమన్నారు?"

ఆమె ఈసారి వెనక వరసకు కూడా వినిపించేలా, ఒక్కో మాటా విడదీసి, మళ్లీ చెప్పింది.